రెండు నగ్‌ల ఇసుర్రాయి

మా నాగర్‌కర్నూలుకు రైలు లేదు. పేరులో కర్నూలు ఉంది గానీ, స్టేషను మాత్రం అసలు కర్నూలుకే దక్కింది. లైను వస్తుందని చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాను. ఇప్పుడు వినడం కాస్త తగ్గింది, లైను వచ్చి కాదు, చెవులు మందగించి. వనపర్తి వాళ్ల తీరు వేరు. వాళ్లకు స్టేషనుంది, దాని పేరు వనపర్తి రోడ్డు. దిగినవాడికి రోడ్డు వెంటనే దొరుకుతుంది, వనపర్తి కోసం మాత్రం మళ్లీ ఆటో ఎక్కాలి. మాట మీద నిలబడ్డది గద్వాల ఒక్కటే. గద్వాల అని రాసిన చోట దిగితే గద్వాలే వస్తుంది. మా ఆవిడది ఆ దిక్కే, ఇటిక్యాల దగ్గర. నేను తెలకపల్లి పక్కవాణ్ని కాబట్టి, పెళ్లితో నాకు పిల్లతో పాటు రైలు కూడా వచ్చింది.

ఆ రైలే నన్ను భోపాల్‌లో ఉద్యోగానికి దింపింది. దిగినవాణ్ని దిగినట్టే ఉండిపోయాను.

అక్కడి నుంచి ఇటు రావాలన్నా, ఇటు నుంచి అటు పోవాలన్నా మధ్యలో ఒక జంక్షన్‌లో బండి మారాలి. చేతిలో పట్టే సామాను చేతిలో, పట్టనిది బుక్ చేసి లగేజీ వ్యానులో. వ్యానులో వేసిన సామానుకు మనకంటే ముందే చోటు దొరుకుతుంది, మనకంటే ఆలస్యంగా ఊరు దొరుకుతుంది. జొన్నలు, పల్లికాయ, ఒకసారి తీగలతో సహా అనపకాయ కూడా అలా తీసుకుపోయాం. ఎండు మిరపకాయలు బుక్ చేసిన ఏడాది, వ్యాను దించిన వాళ్లంతా తుమ్ముతూ నా వంకే చూశారు. ఊరంతా మూట కట్టుకుపోవాలని మా ఆవిడ కోరిక. రైల్వే వాళ్లు బరువు తూస్తారు కాబట్టి ఊరు ఇంకా ఇక్కడే ఉంది.

మా అమ్మాయి పెళ్లి కుదిరినప్పుడు ఆవిడ ఒక్కటే అడిగింది. పెళ్లి భోపాల్‌లోనే. అబ్బాయి వాళ్లదీ తెలుగిల్లే, అక్కడే స్థిరపడ్డారు. మా దిక్కు పెళ్లి పనులు పసుపుతో మొదలవుతాయి. ఐదుగురు ముత్తైదువలు ఇసుర్రాయికి, అంటే తిరగలికి, బొట్టు పెట్టి, పసుపు కొమ్ములు వేసి విసురుతారు. ఆ పసుపే పెళ్లికూతురికి. అంగట్లో పొట్లం దొరుకుతుంది, మిక్సీలో క్షణంలో అవుతుంది, అవన్నీ నేను చెప్పి చూశాను.

"నాకు కొత్త చీర వద్దు, ఏం వద్దు," అంది. "పసుపు మాత్రం మా అమ్మ రాయి మీదనే ఇసరాలె."

మా అత్తగారు పోయి చాలా ఏళ్లయింది. ఎందుకని నేను అడగలేదు. అడిగితే చెప్పేది కాదు. టిక్కెట్లు తీశాను.

శ్రావణ మాసం. ఇటిక్యాలలో మా బావమరిది ఇంట్లో రాయి వంటగది మూలన ఉంది, దాని మీద నూనె డబ్బా. బావమరిది భార్య కొంగుతో దాన్ని తుడిచింది.

"గిర్నీ పెట్టినంక దీన్ని ఎవ్వరు ముట్టలే వదినె. పిండికి పోవాల్నంటే బండి మీద పోయి పట్టిచ్చుకొస్తున్నం," అంది.

తర్వాత ఆమె చేసిన పని చూసి నేను కొంచెం పక్కకు జరిగాను. కింది రాయిని కడిగి, నిండా పసుపు పూసి, కుంకుమ పెట్టింది. పై రాయి తిరగడానికి మధ్యలో ఉండే గూటం చుట్టూ రవికె గుడ్డ పరిచి, బియ్యం పోసి, కొబ్బరి గిన్నె పెట్టి ముడి వేసింది.

"రాయికి ఒడి బియ్యమా?" అన్నాను.

"పుట్టిల్లు ఇడిచి పోతుంది గదన్నా. ఉత్తగ ఎట్ల పంపుత?"

"మరి పై రాయికి?" అని అడిగింది మా ఆవిడ, నవ్వు ఆపుకుంటూ.

"అది మొగోడు. తువ్వాల కప్పితె సాలు."

నిజంగానే పై రాయికి కొత్త తువ్వాలు చుట్టింది. నాకు ఆ ఇంట్లో ఎప్పుడూ తువ్వాలే పెడతారు, కాబట్టి ఆ రాయి మీద నాకు కొంత అభిమానం కలిగింది. రెంటినీ వేర్వేరు గోనె సంచుల్లో పెట్టి కుట్టేశారు. ఒక్కదాంట్లో కడితే ఎత్తేవాడి నడుం పోతుందని బావమరిది అన్నాడు.

గద్వాల స్టేషనులో సన్నగా తుంపర. లగేజీ గుమాస్తా మూటల్ని కాలితో మెల్లగా తట్టి చూశాడు.

"ఏమున్నది దీంట్ల?"

"రాయి."

"గా రెండో దాంట్ల?"

"రాయి."

కళ్లద్దాలు పైకి జరిపాడు. "భోపాల్‌ల రాళ్లు లెవ్వా సార్?"

"ఉన్నాయి. మా అత్తగారివి లేవు."

ఆయన కళ్లద్దాలు మళ్లీ కిందికి దించుకున్నాడు. అత్తగారున్న మనిషిలాగే ఉన్నాడు. రెండు నగ్‌లు అని రాసుకున్నాడు. మూటను వాళ్లు నగ్ అంటారు. పెళ్లికి నగలు లేవన్న చింత తీరిందని మా ఆవిడతో అంటే, "నీ నోటికి కూడ ఒక సంచి కుట్టిచ్చాల్సుండె," అంది. మూటల మీద మా పేరు, ఊరు, ఫోను నంబరు ఉన్న చీటీలు కుట్టారు. "జర చూసి పెట్టండి, విసిరేయకండి," అని హమాలీతో అన్నాను. విసరడానికే పుట్టిన రాయి గురించి నేనలా చెప్పవలసి వచ్చింది.

జంక్షన్‌లో దిగి, లగేజీ వ్యాను దగ్గరకు పోయి చూశాను. రెండు మూటలూ దిగాయి. తుంపరకు తడిసి ఒక సంచి మీద పసుపు మరకలు తేలాయి. తర్వాతి బండికి చాలా టైముంది. రెంటినీ తోపుడు బండి మీద అవతలి ప్లాట్‌ఫారానికి తీసుకుపోతామన్నారు. మా ఆవిడ వెయిటింగ్ హాల్లో కునుకు తీసింది. మా బండి వచ్చినప్పుడు వ్యాను వైపు పోయాను. మనుషులు అడ్డం. ఒక గుండ్రటి గోనె మూట ధడేల్మని లోపల పడటం చూశాను. తోపుడు బండి ఖాళీగా వెనక్కి పోయింది. ఖాళీ బండిని మించిన సాక్ష్యం ఏముంటుందని వచ్చి సీట్లో కూర్చున్నాను.

భోపాల్‌లో ఒక్క మూటే దిగింది. పసుపు మరకలు లేనిది, తువ్వాలు చుట్టినది. మొగోడు.

రెండోది ఏదని నేను అడిగితే, రాలేదన్నారు. ఎక్కడుందంటే, వెతికిస్తామన్నారు. మా ఆవిడ ఆ మూట పక్కన నేల మీద కూర్చుండిపోయింది. పసుపు విసరడం ఎల్లుండి పొద్దున. అటు పోయి, రాయిని దొరికించుకుని, తిరిగి వచ్చేసరికి ఎల్లుండి దాటిపోతుంది.

ఇంటికి చేరాక ఫోను మోగింది. తెలియని నంబరు.

"అన్నా, గా రాయి ఆయన నువ్వేనా?"

నన్ను అప్పటిదాకా చాలా రకాలుగా పిలిచారు గానీ ఇలా ఎవరూ పిలవలేదు. అవునన్నాను.

"నేను జంక్షన్ల హమాలీనన్నా. మాది అమ్రాబాద్ దిక్కు. మీ మూట నా దగ్గర్నే పైలంగ ఉంది, పరేషాన్ గాకుండ్రి."

"బండెక్కించలేదా?"

"ఎట్ల ఎక్కిస్తనన్నా? తోపుడు బండి మీదికెక్కిస్తుంటె సంచి కుట్టు సందుల నుంచి బియ్యం రాలినయ్. ఏంది అని సూస్తె పసుపు, కుంకుమ. ఒడి బియ్యం పోసినదాన్ని సిమిటి బస్త లెక్క వ్యాన్ల ఇసిరేస్తమా? పాపం తగల్తది. పై మూటను పంపి, గిదాన్ని స్తంభం కాడ పెట్టి నిలవడ్డ. మూట తోని వచ్చిన ఆడామె వస్తది, ఆమె చేతిల పెడ్దమని. బండి కదిలేదాంక సూసిన. ఎవ్వలు రాలే."

"చీటీ మీద నా నంబరుంది కదా."

"చీటి అడుగున ఉండె. ఒడి బియ్యం మూటను తలకిందులు చెయ్యొద్దని నేను తిప్పలే. ఇంటికి తెచ్చినంక మా ఆడామె సంచి పక్కకు ఒరిగిస్తె కనవడ్డది."

కోపం తెచ్చుకుందామని గట్టిగానే ప్రయత్నించాను. కుదరలేదు. వేరే ఊరి హమాలీ అయితే ఆ మూటను ఎత్తి పడేసేవాడు, రాయి వచ్చేసేది. మా పాలమూరు మనిషి చేతిలో పడింది కాబట్టి రాలేదు. తర్వాతి బండికి ఎక్కించమని బతిమాలాను. సరేనన్నాడు, కానీ వ్యానులో చోటు దొరకడం తన చేతిలో లేదన్నాడు.

మా ఆవిడ నా చేతిలోంచి ఫోను తీసుకుంది.

"తమ్ముడా, తడిసిందా రాయి?"

"లేదక్కా. పైన గొంగడి కప్పినం."

"గూటం గిట్ట కదల్లే గద?"

"ఏం కాలే. మా ఇంటామె పొద్దుగాల దీపం గూడ పెట్టింది."

ఆవిడ ఫోను నాకిచ్చి లోపలికి పోయి, మొగ రాయి మూట కుట్లు విప్పింది.

మరునాడు అటు నుంచి వచ్చే ప్రతి బండికీ స్టేషనుకు పోయాను. పెళ్లింట్లో పని ఎగ్గొట్టడానికి ఇది మంచి మార్గమని చుట్టాలు అనుకుని ఉంటారు, నేను వాళ్ల నమ్మకాన్ని చెడగొట్టలేదు. వ్యాను తలుపులు తెరుచుకున్నప్పుడల్లా మెడ చాచి చూశాను. మోటారు సైకిళ్లు దిగాయి, చేపల పెట్టెలు దిగాయి, ఎవరిదో ఇనుప బీరువా దిగింది. పసుపు మరకల సంచి దిగలేదు. పసుపు రోజు పొద్దున్నే వచ్చే బండిని కూడా చూసి ఉత్త చేతులతో ఇంటికి వచ్చాను. గుమ్మంలో మా ఆవిడ నా మొహం చూసి, "సరే, కాళ్లు కడుక్కో," అంది.

పక్కింటి పెద్దావిడ దగ్గర పప్పు విసురుకునే చిన్న రాయి ఉంది. దాని కింది భాగాన్ని అడిగి తెచ్చారు. దాని మీద మా అత్తగారి పై రాయిని పెట్టారు. చిన్న పీట మీద పెద్దమనిషి కూర్చున్నట్టుంది, చుట్టూ అంచులు బయటికి వచ్చాయి. ముత్తైదువలు బొట్టు పెట్టి, కొమ్ములు వేసి, తలా కాసేపు తిప్పారు. రాయి ఒక పక్కకు ఒరుగుతూ తిరిగింది. పసుపు బరకగా, ముక్కలు ముక్కలుగా రాలింది. శాస్త్రానికి అంత చాలని పెద్దలన్నారు. వాళ్లు టిఫిన్లకు లేచిపోయాక మా ఆవిడ మాత్రం అక్కడే కూర్చుంది.

అమ్మాయి వచ్చి ఎదురుగా చతికిలబడింది. అది పుట్టింది, పెరిగింది భోపాల్‌లోనే. ఇటిక్యాలను సెలవుల్లోనే చూసింది.

"అమ్మా, అమ్మమ్మ ఎలా పట్టుకునేది?"

మా ఆవిడ పిడి వంక చూసింది. చేతులు ఆడీ ఆడీ నున్నబడ్డ కట్టె పిడి. అప్పుడు చెప్పింది, నాకు ఇన్నేళ్లలో చెప్పనిది. తెల్లారగట్ల జొన్నలు విసిరేటప్పుడు మా అత్తగారు ఈమెను నిద్ర లేపి ఎదురుగా కూర్చోబెట్టుకునేదట. బలానికి కాదు, తోడుకు. పిల్ల చెయ్యి కింద, తల్లి చెయ్యి పైన. పిల్ల పిడి పట్టుకునే నిద్రపోయేది, చెయ్యి మాత్రం రాయితో పాటు తిరుగుతుండేది.

"నేను ఇసురుతున్న అనుకుంటుంటి," అంది. "మొత్తం అమ్మనే ఇసిరేది."

అమ్మాయి చెయ్యి తీసి పిడి అడుగున పెట్టింది. దాని మీద తన చెయ్యి పెట్టింది. ఇద్దరూ తిప్పారు. లోపల పసుపు కొమ్ములు అయిపోయాయి, రాయి మీద రాయి ఉత్తగానే తిరిగింది, గరగరమని.

"ఇదేనా చప్పుడు?" అని అడిగింది అమ్మాయి.

"కాదు బిడ్డా. అది గిట్ల ఉండదు."

"మరెలా ఉంటుంది?"

మా ఆవిడ నోటితో ఆ చప్పుడు చేయబోయింది. పెదవులు కదిలాయి గానీ ఏమీ రాలేదు. రాయిని ఆపింది. తల కొంచెం వంచి, పక్క గదిలో ఎవరో పిలుస్తున్నారేమో వింటున్నట్టు కూర్చుంది. నేను టీ గ్లాసులతో గడపలోనే నిలబడిపోయాను. అమ్మాయి చెయ్యి తీయలేదు. వాళ్ల చేతులు రెండూ పిడి మీద అలాగే ఉన్నాయి, పసుపు పచ్చగా.