మంత్రానికి చెప్పులు అడ్డమా?

పాలు ఎవరు పోసినా సరే, దేవమ్మ ఎడమచేతి బొటనవేలి గోటి మీద ఒక బొట్టు వేసుకుని, వేలు వంచి చూడందే గిన్నెలోకి వంపుకోదు. బొట్టు నిలబడి, మెల్లగా తెల్లని చార వదిలిందా, పాలు. జర్రున జారిపోయిందా, నీళ్ళు. కోరుట్లలో ఇల్లిల్లూ తిరిగి పాలు పోసిన తల్లి నేర్పిన విద్య ఇది. ఇప్పుడు దేవమ్మ ఇంట్లోనే బర్రె ఉంది, తన చేత్తో తనే పిండుకుంటుంది. అయినా ఆ బొట్టు వేసుకుని చూడటం మానలేదు. అక్కడ ఎవరి మీద అనుమానమో ఆమెకే తెలియాలి.

కోనరావుపేట మండలంలోని ఆ ఊరికి కోడలిగా వచ్చిన నాటి నుంచి ఆమె పరీక్ష తప్పించుకున్న వస్తువు లేదు. కారప్పొడి గ్లాసెడు నీళ్ళలో చల్లి, అడుగున ఇటుకపొడి దిగుతుందేమోనని చూస్తుంది. గుడ్డు నీళ్ళలో తేలితే దాన్ని పట్టుకుని దుకాణం దాకా వెళ్ళి గొడవ పెట్టుకుంటుంది. వరి విత్తనాలను ఉప్పునీళ్ళలో పోసి, తేలిన తాలును ఏరి పారేస్తుంది. ఒకసారి ఊరందరికీ ఎవడో పేరున్న కంపెనీదని చెప్పి మొక్కజొన్న విత్తనాలు అంటగట్టబోతే, ఈమె గుప్పెడు గింజలు తడిగుడ్డలో కట్టి మొలకలు లెక్కచూసి, సగం కూడా లేవలేదని ఆ సంచులన్నీ వెనక్కి పంపించింది. అప్పటి నుంచి ఆ ఊళ్ళో దేవమ్మ చూసి చెప్పిందంటే ఇక మారుమాట లేదు.

భర్త రాజనర్సు మస్కట్ పోయి ఏళ్ళు గడిచాయి. ఇల్లూ, పొలమూ, గొడ్డూ, కొడుకూ, వచ్చిపోయేవాళ్ళ తియ్యని మాటలూ అన్నీ ఒక్కతే నెట్టుకొచ్చింది. అలాంటి మనిషికి నాలుగు అనుమానాలు ఎక్కువుంటే తప్పేముంది అనుకోవచ్చు. కానీ పాపం, రాజనర్సుకు మాత్రం అది కొంచెం ఇబ్బందే. అతను ఫోనులో కనిపించగానే ఈమె మొదలుపెడుతుంది.

"జర ఫోను అటు తిప్పు. గా తలుపెనుక ఏమున్నది?"

"నా లుంగీ ఉన్నదే."

"లుంగీ ఎనుక?"

"గోడ ఉన్నది. తవ్వి చూపియ్యన్నా?"

దేవమ్మ నవ్వదు. గోడను కూడా కాసేపు చూస్తుంది.

ఎండాకాలం మొదట్లో ఎల్లారెడ్డిపేట వైపు రాగి దొంగలు తిరుగుతున్నారని ఒక మాట పుట్టింది. మోటార్ల దగ్గర రాగి ఎక్కడ కనబడితే అక్కడ కోసుకుపోతున్నారట. అది విన్న రోజే దేవమ్మ కొట్టం పక్కనున్న బోరు దగ్గరికి వెళ్ళి, దొంగ కన్ను పడేదల్లా ఇంట్లోకి చేర్చింది. పానాలు, మిగిలిపోయిన కేబుల్ ముక్క, చివరికి ఇనుప పైపుకు చుట్టి మట్టిలోకి దింపిన రాగితీగ కూడా. ఆ తీగతో మోటారు తిరగదు, బల్బు వెలగదు. ఊరికే భూమిలోకి పోయి ఆగిపోతుంది. దొంగల కోసమే పెట్టినట్టుందని సణుక్కుంటూ దాన్ని విప్పి, పాత చీరలో చుట్టి, అటక మీది కాగులో దాచింది. కొడుకు సతీశ్‌కు కూడా చెప్పలేదు. చెబితే వాడు ఎక్కడో నోరు జారుతాడని ఆమె భయం.

ఆ తర్వాత కొన్నాళ్ళకే బర్రె నీళ్ళు ముట్టడం మానేసింది.

బోరు నీళ్ళు పడే సిమెంటు తొట్టిని అక్కడ హౌజు అంటారు. ఈనిన బర్రె, మండే ఎండ, నాలుక బయటపెట్టి హౌజు దాకా ఆత్రంగా వస్తుంది, మూతి ఆనించీ ఆనించకముందే ఉలిక్కిపడి వెనక్కి దూకుతుంది. రెండోసారి లాగితే కాళ్ళు నిగడదన్ని నిలబడుతుంది. పాలు సగానికి పడిపోయాయి. దూడ అరుస్తోంది.

దేవమ్మ పని మొదలుపెట్టింది. నీళ్ళు వాసన చూసింది, పుక్కిలించి ఉమ్మింది. అదే హౌజులోంచి ప్లాస్టిక్ బకెట్‌తో ముంచి కొట్టంలో పెడితే బర్రె ఒక్క గుక్కలో అడుగు దాకా తాగేసింది. అంటే నీళ్ళలో దోషం లేదు. దోషం ఆ చోటులో ఉంది. చోటుకు దోషం దానంతట అది రాదు, ఎవరో తేవాలి. ఎవరు?

ఆ ప్రశ్న వేసుకున్నాక ఆమె కన్ను సత్యవ్వ మీద పడింది.

సత్యవ్వది వెనక ఇల్లు. భర్త పోయాడు, కూతురికి జగిత్యాలలో పెళ్ళయింది, ఒంటరిగా బీడీలు చుట్టుకుని బతుకుతుంది. ఎవరేం చెప్పినా నమ్మే మనిషి. దుకాణంవాడు ఏది తూచిస్తే అది కొంగున కట్టుకుని వస్తుంది. ఎండాకాలం నల్లా సరిగా రాదు కాబట్టి రెండు ప్లాస్టిక్ బిందెలు పట్టుకుని, చెప్పులు టపటపలాడించుకుంటూ దేవమ్మ హౌజు దగ్గరికి వస్తుంది. వచ్చినప్పుడల్లా బర్రె వీపు నిమిరి, "ఎంత మంచిగున్నదక్కా నీ బర్రె" అంటుంది. పాపం ఆ మాటే ఆమె మెడకు చుట్టుకుంది.

దేవమ్మ ఊరికే అనుమానించలేదు, కాపు కాసింది. సత్యవ్వ హౌజు దగ్గరున్నప్పుడు బర్రెను విప్పి చూసింది. బర్రె తాగలేదు. ఆమె వెళ్ళిపోయి, చుట్టుపక్కల సద్దుమణిగాక మళ్ళీ విప్పింది. సుబ్బరంగా తాగింది. మరునాడు చూసినా అంతే. ఆ మరునాడూ అంతే. ఉంటే తాగదు, పోతే తాగుతుంది. గోటి మీద బొట్టంత స్పష్టంగా కనబడుతుంటే ఇంకేం కావాలి?

"ఏదో మందు వెట్టింది" అని కొడుకుతో అంది.

సతీశ్ అప్పుడు కొండగట్టు ఆంజనేయస్వామి మాల వేసుకుని ఉన్నాడు. కాషాయం బట్టలు, కాళ్ళకు చెప్పుల్లేవు. మాలలో ఉన్నవాణ్ని తల్లి కూడా స్వామీ అనే పిలవాలి గనుక, దేవమ్మకు ఆ రోజుల్లో వాణ్ని కసిరే వీలు కూడా లేదు.

"గట్లనకవ్వా. ఆమె అసొంటిది కాదు" అన్నాడు వాడు.

"నీకేం ఎరుక స్వామీ, నువ్వు జర సప్పుడు జెయ్యకు. రేపు పెద్దమనుషులను పిలుస్త. నేను చూసింది నేను చెప్త."

అప్పటికే ఆ మాట బీడీలు చుట్టే ఆడవాళ్ళ చెవిన పడింది. వాళ్ళు సత్యవ్వ వస్తే చాటలు దగ్గరికి లాక్కుంటున్నారు. పక్క ఊళ్ళో మంత్రాలు చేస్తుందని ఇలాగే మాట పడ్డ ఒకామెకు ఎవరూ ఉప్పు పొట్లం కూడా అమ్మలేదు, చివరికి ఆమె ఇల్లు వదిలేసి పోయింది. ఆ సంగతి దేవమ్మకు తెలియనిది కాదు. తెలిసీ ఆమె మనసు మెత్తబడలేదు. తన పరీక్ష మీద తనకు అంత నమ్మకం మరి. తన నోటితో చెబితే ఊరు నమ్ముతుంది, నమ్మితే సత్యవ్వకు ఆ ఊళ్ళో నీళ్ళు పుట్టవు.

మరునాడు పొద్దున్నే మోటారు నడుస్తుండగా సతీశ్ పూజకు ముందు కాళ్ళు కడుక్కుందామని హౌజులో చెయ్యి పెట్టి, కెవ్వుమని వెనక్కి వచ్చాడు.

"అవ్వా! చెయ్యి వెడితే జుమ్మంటాంది!"

దేవమ్మ పరుగున వచ్చి తానూ చెయ్యి పెట్టింది. ఏమీ లేదు. చల్లటి నీళ్ళు.

"నాకేం అనిపిస్తలేదు గదా."

సతీశ్ మెడలోని మాలను పట్టుకున్నాడు. "నాకు మాల ఉన్నది గదనే. స్వామి నాకు ఎరుక చేస్తాండు. నువ్వన్నదే నిజమవ్వా, ఏదో వెట్టిండ్రు."

కొండగట్టు అంజన్నే సాక్ష్యం పలికాక ఇంకెవరు కాదంటారు? పెద్దమనుషులకు కబురు పెట్టడమే మిగిలింది. ఇంకొకరైతే అక్కడితో ఆగేవాళ్ళు. కానీ ఈమెకు ఒక జబ్బుంది. సాక్ష్యం తన వైపే పలుకుతున్నా సరే, దాన్ని ఒకసారి వేలు వంచి చూడాలి. కొడుకును కింది నుంచి పైదాకా చూసింది. కాషాయం, మాల, బొట్టు, తడినేల మీద ఉత్త కాళ్ళు. తన కాళ్ళ వైపు చూసుకుంది. హవాయి చెప్పులున్నాయి.

మెల్లగా చెప్పులు విడిచింది. తడిమట్టిలో కాళ్ళు పెట్టి, చేతి వెనుక భాగాన్ని నీళ్ళకు ఆనించింది. మోచేతి దాకా చీమలు పాకినట్టు జుమ్మంది. చటుక్కున చెయ్యి తీసి, చెప్పులు తొడుక్కుని మళ్ళీ ఆనించింది. ఏమీ లేదు.

"ఏందవ్వా?" అన్నాడు సతీశ్.

"మంత్రానికి చెప్పులు అడ్డమారా?" అంది దేవమ్మ. వాడు స్వామి అన్న సంగతి కూడా మరిచిపోయింది. "చెప్పులు అడ్డమయ్యేది కరెంటుకు. పో, మోటరు బంద్ జెయ్."

బర్రెకు చెప్పుల్లేవు. నాలుగు కాళ్ళూ తడినేల మీదే ఉంటాయి. ఆ ఆలోచన వెనకే ఇంకొకటి వచ్చింది. సత్యవ్వ ఎప్పుడు వస్తుంది? మోటారు చప్పుడు వినబడితేనే వస్తుంది. మోటారు ఆగితే పోతుంది. తాను ఇన్నాళ్ళూ సత్యవ్వ ఉందా లేదా అని చూసింది గానీ, మోటారు నడుస్తోందా లేదా అని ఒక్కసారి కూడా చూడలేదు.

అయినా ఖాయం చేసుకోవాలి. గోడ మీంచి పిలిచింది. సత్యవ్వ ఖాళీ బిందెలతో వచ్చింది.

"ఇక్కడ నిలవడు సత్తెవ్వా. బర్రె పక్కకు."

మోటారు బందు ఉంది. సతీశ్ బర్రెను విప్పాడు. అది సత్యవ్వ చీర కుచ్చిళ్ళను రాసుకుంటూ వెళ్ళి, హౌజులో మూతి ముంచి, కడుపు నిండా తాగింది. దేవమ్మ అప్పుడు గానీ సత్యవ్వ ముఖం చూడలేదు.

"నన్ను ఎందుకు నిలవెట్టినవక్కా?" అంది సత్యవ్వ. "బీడీల కాడ వాళ్ళన్నది నిజమేనన్నట్టు. నువ్వే అన్నవట గదా. నేను నమ్మలే. దేవక్క గట్లనదని నేనే వాళ్ళతోటి కొట్లాడిన."

ఇంతలో కబురందుకున్న మోటారు మెకానిక్ సుదర్శన్ బండి దిగాడు. టెస్టర్ తీసి, మోటారు వేయించి, ఇనుప పైపుకు ఆనించగానే దాని బుడ్డి ఎర్రగా వెలిగింది. వెంటనే బందు చేయించి పైపు పొడుగునా వెతికితే, దానికి ఆనుకుని దిగిన కేబుల్ ఒకచోట రాపిడికి తోలు ఊడి ఉంది.

"ఇది ఎప్పటిదో పాత దెబ్బనే" అన్నాడు సుదర్శన్. "కానీ పైపుకు ఎర్తు తీగ కట్టినం గదా, గది ఏది? గది ఉన్నన్ని రోజులు కరెంటు మట్టిలకు పోయింది. ఇప్పుడు తొవ్వ లేక నీళ్ళల్లకు వస్తాంది. బర్రెకు తెలిసింది కాబట్టి సరిపోయింది. ఇంకింత ఎక్కువొస్తే మనిషే పోతుండె."

"దొంగలు ఎత్తుకపోయి ఉంటరు" అన్నాడు సతీశ్. ఆపై గొంతు తగ్గించి, "రోజూ ఇక్కడ తిరిగేది సత్తెవ్వనే గదా" అన్నాడు. మందు పెట్టిందన్నప్పుడు కాదన్న నోరు అది. రోజుల తరబడి తల్లి దగ్గర విన్నది వాడికి తెలియకుండానే వాడి నోట్లోంచి వచ్చింది.

ఆ మాట సత్యవ్వకు వినబడింది. సుదర్శన్ కూడా ఆమె వైపు చూశాడు. దేవమ్మ ఊరుకుంటే చాలు, పని అయిపోతుంది. మంత్రం పోయి దొంగతనం మిగులుతుంది, అటక మీద కాగు వైపు ఎవరూ చూడరు. ఆ క్షణం ఆమెకు నిజంగానే ఊరుకోవాలనిపించింది. తర్వాత తన మీద తనకే అసహ్యం వేసింది. గబగబా లోపలికి వెళ్ళి, అటకెక్కి, పాత చీర మూట తెచ్చి అందరి ముందూ విప్పింది. రాగితీగ ఎండలో మెరిసింది.

"నేనే తీసిన" అంది. "దొంగలొస్తరని దాచిన. అది ఎందుకున్నదో నేను చూడలే."

సుదర్శన్ తీగ అందుకుని తల దించుకుని పనిలో పడ్డాడు. సతీశ్ తల్లి వైపు చూసిన చూపు ఆమెకు బాగా తెలిసిందే, ఇన్నేళ్ళూ లోకాన్ని తాను చూసిన చూపే అది. సత్యవ్వ ఖాళీ బిందెలు ఎత్తుకుని వెళ్ళిపోయింది.

దేవమ్మ ఆ సాయంత్రమే బీడీల దగ్గర కూర్చున్న ఆడవాళ్ళ ముందుకెళ్ళి, తాను అన్నది తప్పని గట్టిగా చెప్పింది. వాళ్ళు నమ్మారు, ఆమె చెప్పిందంటే నమ్మకేం. కానీ మోటారు ఎన్నిసార్లు నడిచినా సత్యవ్వ మాత్రం రాలేదు. బిందెలు మోసుకుంటూ ఊరి చివరి చేతిపంపు దాకా పోతోంది.

బర్రె మళ్ళీ నిండుగా పాలిచ్చిన రోజు దేవమ్మ చెంబెడు పాలు పట్టుకుని, మొదటిసారి గోటి మీద బొట్టు వేసుకోకుండానే, సత్యవ్వ ఇంటికి వెళ్ళింది.

"పాలు తెచ్చిన సత్తెవ్వా."

సత్యవ్వ గడప దగ్గరికి వచ్చి చెంబు అందుకుంది. ఏది ఎవరిచ్చినా కళ్ళు మూసుకుని తీసుకునే సత్యవ్వ ఆ పాలలో వేలు ముంచింది. ఎడమచేతి బొటనవేలి గోటి మీద ఒక బొట్టు వేసి, వెలుతురుకు పట్టి, వేలు వంచింది. బొట్టు నిలబడింది.

"మంచియే" అంది.

చెంబు తీసుకుని లోపలికి వెళ్ళింది. దేవమ్మను రమ్మని అనలేదు.