ఆస్ట్రేలియా మూటల్లో అక్షింతలు

మా చెల్లెలి కూతురు ఇంజనీరింగ్ చదివి, వరంగల్ కొత్తవాడలో మగ్గాలున్న నాలుగిళ్లవాళ్లను కూడగట్టి జంపఖానాల కంపెనీ పెట్టింది. పేరు ఏ అక్షరంతో మొదలవ్వాలో ఏ జ్యోతిష్కుణ్ణీ అడగలేదు. అందుకే ఆ కంపెనీ మీద నాకు మొదటినుంచీ అభిమానం.

సర్కారును మెచ్చుకునే అలవాటు నాకు లేదు. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. ఎగుమతులు పెంచే ఒక సర్కారు విభాగం ఆమెలాంటి కొత్తవాళ్లను కొందరిని మెల్‌బోర్న్‌లో జరిగిన వస్తు ప్రదర్శనకు తీసుకుపోయింది. స్టాలు కిరాయి అదే భరించింది. అక్కడ ఇంటి సామాన్ల దుకాణం నడిపే ఒకావిడ జంపఖానాను చేత్తో తడిమి చూసి, పరీక్షగా కొద్ది సరుకు అడిగింది. అది బాగా చేరితే ఏడాది పొడుగునా ఆర్డరు. చేరకపోతే వానాకాలంలో మళ్లీ మగ్గాలు పడుకుంటాయి.

సరుకు కట్టే రోజు నేనూ వెళ్లాను. అందరికంటే పెద్ద మగ్గం ఉన్న, అందరూ పెద్దమ్మ అని పిలిచే నేతగత్తె ఇంట్లో మూటలు కడుతున్నారు. తొలి నేత గడప దాటేటప్పుడు మడతల్లో అక్షింతలు చల్లడం ఆ ఇళ్లలో రివాజు. పెద్దమ్మ పళ్లెం నిండా పసుపు బియ్యం కలిపి ప్రతి మడతలోనూ చల్లింది. నేను హేతువాద సభల్లో అలవాటైన ఉపన్యాసం మొదలుపెట్టాను. బియ్యం గింజకు సముద్రం దాటించే శక్తి ఉంటే ఓడలెందుకని అడిగాను.

"మామా, నువ్వు జర నిమ్మలంగ కూసో. ఇయ్యాల మీటింగ్ లేదు," అంది మేనకోడలు. మూటలు కుట్టేవాళ్లు నవ్వారు. ఆమె ఆ వేడుకంతా ఫొటో తీసి, మెల్‌బోర్న్ పోయినవాళ్లు పెట్టుకున్న వాట్సాప్ గ్రూపులో వేసింది.

వెంటనే ఫోను మోగింది. కేసముద్రం నుంచి పసుపు ఎగుమతి చేసే పెద్దమనిషి. ప్రదర్శనలో ఆయనది పక్క స్టాలే. అప్పటినుంచి మేనకోడలు ఆయన్ని చాచా అని పిలుస్తుంది. ఫొటోలో మడతల మధ్య కనబడేవి బియ్యమేనా అని అడిగాడు. అవునంటే మూటలన్నీ విప్పమన్నాడు. ఆ దేశంలో గింజ, గడ్డి, మట్టి ఏది కనబడినా పురుగు వస్తుందని రేవులోనే ఆపేస్తారట. తన మొదటి సరుకు కింద మెత్తగా ఉంటుందని వరిగడ్డి పరిచాడట. సరుకు మొత్తం అక్కడే కాల్చేశారట.

మేనకోడలు ముఖం వాడిపోయింది. కత్తెర కోసం చూసింది. పెద్దమ్మ మూట మీద చేయి వేసి కదలలేదు. చల్లిన అక్షింతలు దులిపితే ఆ నేతకు కీడని ఆమె భయం. ఆమె చేయి తీయకుండా ఆమె నేసినదాన్ని ఎవరు విప్పుతారు? కీడు అనేది ఎక్కడుందో చూపించమన్నాను. ఆమె ఇంకా బిగుసుకుంది. మేనకోడలు ఫోను స్పీకరులో పెట్టింది.

"అక్కా, పసుపు అమ్ముకొని బతికెటోన్ని నేనే పసుపు వద్దంటున్న, జర సోంచాయించి చూడు. మా అమ్మ గూడ బస్తాలల్ల దువా రాసిన కాగితం పెడుతుండె. ఇప్పుడు ఆ దువా లారీకి చదువుతది. అక్కడి రేవుల సాబ్ లారీని తనిఖీ చెయ్యడు గద," అన్నాడు.

పెద్దమ్మ మూట మీంచి చేయి తీసింది. "బండికి చల్లుదాం తియ్యి," అని తనే మొదటి కుట్టు కోసింది.

ఆ మధ్యాహ్నమంతా వాకిట్లో జంపఖానాలు దులుపుతూ కూర్చున్నాం. గింజ దారాల్లో ఇరుక్కుంటే చాలా మొండిది. మూఢనమ్మకం మూటలోంచి లారీ మీదికి ఎక్కింది, అంతే కదా అని నేను గొణిగాను. కానీ చేతులు పని చేస్తుంటే బుద్ధి కూడా కొంత పనిచేస్తుంది. ఒకడు తను పడ్డ దెబ్బను దాచుకోకుండా, నాలుగు ఊళ్ల అవతలి మనిషి ఆ దెబ్బ తినకముందే చెప్పడం: హేతువాదమంటే ఇంతకంటే ఏముంది? వేదికల మీద మేం వాదించుకున్నాం. వీళ్లు ఫొటోలు చూసుకుని ఒకరినొకరు కాచుకుంటున్నారు. వ్యాపారంలో పక్కవాడి నష్టమే లాభమని నేర్పిన పుస్తకాలు ఆ గ్రూపు ముందు నాకు వెలవెలబోయాయి.

సరుకు చేరింది. దుకాణం ఆవిడ ఏడాది ఆర్డరు పంపింది, జానెడు వెడల్పు పెంచమంది.

"చూసినవా సారూ, బండికి చల్లినంక ఎంత సల్లగ పోయిందో," అంది పెద్దమ్మ.

లోపల గింజ లేకపోవడం వల్ల పోయిందన్నాను. బండికి చల్లకుంటే బండే కదలకపోవునంది. మా వాదన అక్కడినుంచి ఎటు పోయేదో గానీ, మేనకోడలు కొత్త వెడల్పు కొలవాలని జంపఖానా ఒక కొన పెద్దమ్మ చేతిలో, ఒక కొన నా చేతిలో పెట్టింది. ఇద్దరం బిగించి లాగి పట్టుకున్నాం.