లైన్లో కూర్చుంటేనే వచ్చే జబ్బు

చాలా ఏళ్ల కిందట మెదడు అడుగున గడ్డ వస్తే నాకు కరెంటు పెట్టారు. రేడియేషన్‌ని మా ఇంట్లో అందరూ అలాగే అంటారు. గడ్డ పోయింది. ఆ సంగతి మరిచిపోయి, ఆబిడ్స్‌లోని మా చెప్పుల షాపు కౌంటర్లో హాయిగా కూర్చుంటున్న రోజుల్లో నా ఎడమ కన్ను మొండికేయడం మొదలుపెట్టింది.

కౌంటర్‌కి ఎడమవైపు గుమ్మం. గిరాకీ కోసం అటే చూసి చూసి తల తిప్పితే, కుడి కన్ను నాతో వచ్చేది, ఎడమ కన్ను గుమ్మం దగ్గరే ఉండిపోయేది. కొన్ని నిమిషాలు అన్నీ రెండేసి. ఎప్పుడు, ఎందుకు ఇరుక్కుంటుందో అప్పట్లో నాకు అంతుపట్టలేదు. ఒంటరిగా వచ్చిన ఒక పెద్దమనిషితో "ఇద్దరూ కూర్చోండి" అన్నాను. ఆయన వెనక్కి తిరిగి చూసి, చెప్పులు కొనకుండానే వెళ్లిపోయాడు. నాకు నవ్వు రాలేదు. గడ్డ మళ్లీ వచ్చిందని భయం పట్టుకుంది.

నాంపల్లిలో ఒక దవాఖానలో మా మరిదికి తెలిసినవాళ్లున్నారు. "లైన్ల కూసునే ఖర్మ మనకేంది వదినా? గాడ మనోడున్నడు, ఫికర్ జెయ్యకు" అంటూ ప్రతిసారీ నన్ను జనాన్ని దాటించి నేరుగా డాక్టర్ ముందు కూర్చోబెట్టేవాడు. డాక్టర్ వేలు ఎటు తిప్పితే నా కన్ను అటు తిరిగేది, చుట్టాల ముందు బుద్ధిగా ఉండే పిల్లాడిలా. స్కాన్‌లో గడ్డ లేదన్నారు. మరి కన్నెందుకు ఇరుక్కుంటోంది? "గదంతా నీ భ్రమ" అన్నాడు మరిది. స్కానే అబద్ధం చెబుతోందని నా భయం.

ఓసారి మరిది ఎవరిదో పెళ్లికని కాచిగూడలో రైలెక్కాడు. నేను టోకెన్ తీసుకుని అందరితో పాటు కూర్చున్నాను. నెంబర్లు వెలిగే బోర్డు ఎడమ గోడ మీద ఉంది. నా నెంబరు ఎక్కడ దాటిపోతుందోనని దాన్నే చూస్తూ ఉండిపోయాను. చివరికి పిలిచారు. లేచి చూస్తే ఎదురుగా రెండు తలుపులు. లేని తలుపులోంచి వెళ్లబోయి గోడకు గుద్దుకున్నాను.

లోపల డాక్టర్ నా మొహం చూసి కుర్చీలోంచి లేచిపోయారు. "కదలకండమ్మా! అలాగే ఉండండి!" పక్క గదిలోని కుర్ర డాక్టర్లను కేకేశారు. నా జబ్బు చూసి అంత సంబరపడిన మనిషిని నేనెప్పుడూ చూడలేదు.

"అప్పటి కరెంటు వల్ల ఆ కంటి నరం దెబ్బతిందమ్మా. ఒకే వైపు చాలాసేపు చూస్తే పట్టేస్తుంది. మాత్రలున్నాయి. ఇన్నాళ్లూ ఇది మాకు కనబడలేదే?"

"ఇన్ని దినాలు లైన్ల కూసోలేదు సార్."

కన్ను ఇంకా వదల్లేదు, అన్నీ రెండేసే. ఉండబట్టలేక అడిగాను. "గడ్డ గాదు గదా సార్?"

"కాదమ్మా" అన్నారు ఎదురుగా ఉన్న ఇద్దరు డాక్టర్లు, ఒకే గొంతుతో. ఒక్కరు చెబితే ఇన్నాళ్లూ నమ్మలేదు. ఆ ఇద్దరినీ నమ్మి, భోరుమన్నాను.