జీన్ అన్న మాట ఇంటికి చేరాక

ఆ ఆదివారం కాటన్‌పేటలో అక్క వాళ్లింట్లో సంగటి తింటుంటే ముద్ద గొంతులో అడ్డంపడింది. "సంగటి నమిల్తే అట్లే అయితాదప్పా, మింగల్ల గానీ," అని అక్క నవ్వింది. నేనూ నవ్వాను. బ్రూక్‌ఫీల్డ్‌లోని నా ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే, గుటక వేసినప్పుడల్లా మెడలో చిన్న గడ్డ కదులుతోంది.

గడ్డలోకి సూది గుచ్చి చేసే ఎఫ్ఎన్ఏసీ పరీక్షలో పాపిల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ అని తేలింది. "ఇది మంచి క్యాన్సర్ మేడమ్," అన్నాడు సర్జన్. క్యాన్సర్‌లో మంచేమిటో నాకిప్పటికీ తెలియదు. థైరాయిడ్ మొత్తం తీసేశారు. తర్వాత రేడియో అయోడిన్ ఇచ్చి, ఒంట్లోంచి రేడియేషన్ వస్తుందని విడిగా ఒక గదిలో ఉంచారు, భోజనం తలుపు దగ్గర పెట్టి వెళ్లేవారు. అమ్మా నాన్నా పోయాక నాకున్నది అక్కే. రోజూ ఫోన్ చేసేది కాబట్టి ఆ గది కూడా గడిచిపోయింది.

కొన్ని నెలలకు సీటీ స్కాన్‌లో ఊపిరితిత్తుల్లో మచ్చలు కనబడ్డాయి, క్యాన్సర్ అక్కడికి పాకింది. వాటికి అయోడిన్ పట్టడం లేదన్నారు. ట్యూమర్ ముక్కను టెస్టుకు పంపితే 'ఎన్‌సీఓఏ4-రెట్ జీన్ ఫ్యూజన్' అని వచ్చింది. అర్థంకాక, ఆ రిపోర్టు అక్కకు పంపాను.

అప్పుడే అక్క కూతురికి సంబంధం కుదురుతోంది. సాయంత్రం అక్క ఫోన్ చేసింది. "జీన్ అంటే వంశంలో వచ్చేది గదా. అబ్బాయోళ్లకి తెలిస్తే సమ్మంధం నిలుస్తాదా? పెండ్లయ్యేదాకా ఈ పక్క రావద్దప్పా."

సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఏడ్చాను. ఆఫీసులో ఎవరికీ చెప్పుకోలేదు, కడుపు చించుకుంటే కాళ్లమీదే కదా పడేది.

ఆంకాలజిస్ట్ దగ్గరికి ఒక్కదాన్నే వెళ్లాను. ఆవిడ ఓపికగా చెప్పింది. "ఎన్‌సీఓఏ4 అందరి ఒంట్లోనూ ఉండే ప్రోటీనే. కణాల్లో హార్మోన్లను అందుకునే రిసెప్టర్లకు తోడై జీన్లను పనిచేయిస్తుంది. మీ ట్యూమర్‌లో మాత్రం దాని జీన్ తెగి రెట్ జీన్‌కు అతుక్కుని క్యాన్సర్‌ను పెంచుతోంది. ఇది పుట్టుకతో వచ్చింది కాదు, ఇంట్లో ఎవరికీ రాదు. దీనికి టాబ్లెట్ ఉంది."

బయటికి రాగానే అక్కకు ఫోన్ చేసి చెప్పాను. "నీకు ధైర్యానికి చెప్పింటాదిలే ఆ డాక్టరమ్మ," అంది.

పెళ్లి ఫోన్‌లో చూశాను. టాబ్లెట్లతో నోరు ఎండిపోయేది, బీపీ పెరిగేది, లివర్ టెస్టు తేడాగా వచ్చి డోసు తగ్గించారు. అయినా మచ్చలు చిన్నవయ్యాయి. ఇప్పుడు ఆఫీసుకు వెళ్తున్నాను. అక్క అప్పుడప్పుడు ఫోన్ చేసి "మాత్రలు ఏసుకున్న్యావా?" అంటుంది. ఇంటికి రమ్మని మాత్రం అనదు.

జీన్ రిపోర్టు వచ్చినప్పుడు ఇంట్లోవాళ్లను డాక్టర్ ముందు కూర్చోబెట్టండి. ఇది పుట్టుకతో వచ్చిందా, ట్యూమర్‌లోనే ఉందా అని వాళ్లు వినేలా అడగండి. నేను ఒక్కదాన్నే విన్నాను. ఆ మాట నా ఒక్కదాని దగ్గరే ఉండిపోయింది.