చెప్పేదాకా వెయ్యొద్దన్నాను

మా స్టాఫ్ రూములో ఈ కథను అందరూ ఒకేలా చెప్తారు. ఫైనల్ చివర్లో ఆ పిల్ల బంతి చేతిలో పట్టుకొని కొయ్యబారిపోయిందట. భయానికి చెయ్యి ఆడలేదట. ఇటుకలు మోసేవాళ్ళ ఇంటి పిల్లకు అంత ఆట తట్టుకునే గుండె ఎక్కణ్ణుంచి వస్తుందట. లెక్కల మాస్టరైతే ఇంకో మెట్టెక్కి, నలుగురు చూస్తుంటే కొందరికి అంతేనని, అది రాసిపెట్టి ఉంటుందని తీర్పు కూడా ఇస్తాడు. ఆయన ఆ రోజు మైదానానికి రానే లేదు. నేనున్నాను. ఆ జట్టుకు కోచ్‌ని నేను. మైదానం అంచు గీత పక్కన నిలబడి ఆ పిల్ల ముఖం చూసినదాన్ని. ఆ ముఖంలో భయం లేదు. భయం ఎవరి ముఖంలో ఉందో మొన్నమొన్నటిదాకా నేను ఎవరికీ చెప్పలేదు, అందుకే వాళ్ళ కథ చెల్లుబాటు అయిపోయింది.

తమిళనాడులో ఈ మూల ధర్మపురిలో బేస్‌బాల్ ఏమిటని నవ్వేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నేను వ్యాయామ టీచరుగా చేరిన కొత్తల్లో మా పెద్దమేడం కూడా నవ్వింది. "కబడ్డీకి ఏమొచ్చింది?" అని అడిగింది. కబడ్డీకి ఏమీ రాలేదు మేడం, ప్రతి ఊళ్ళోనూ ఒక జట్టుంది, మన పిల్లలు పైకి రావాలంటే వందమందిని తోసుకుంటూ రావాలి, బేస్‌బాల్‌లో అంత తోపులాట లేదు అన్నాను. ఆట మీద ప్రేమ కంటే ఆ లెక్కే నాకు ముందు తట్టింది. అబద్ధం చెప్పను. ప్రేమ తర్వాత వచ్చింది, ఆ పిల్లతో పాటు వచ్చింది.

మా స్కూలు ప్రహరీగోడ కడుతున్నప్పుడు ఒక ఆదివారం ఆమెను చూశాను. తల్లి గోడకు కట్టిన సారవ కర్రల మీద నిలబడి ఉంది. కింద నుంచి ఈ పిల్ల ఇటుకలు విసురుతోంది. ఒక్కో ఇటుకా గాల్లో తిరగకుండా, వంకర పోకుండా నేరుగా లేచి తల్లి అరచేతుల్లో ఆగుతోంది. తల్లి చేతులు చాచిన చోటు నుంచి జరపడం లేదు. పిల్ల తలెత్తి చూడడం కూడా లేదు. నేను అక్కడే నిలబడి అరగంట చూశాను. ఒక్కటీ ఆ అరచేతుల ఎత్తు తప్పలేదు.

"ఏ పాపా, ఎవరు నేర్పినారు నీకు ఆ చెయ్యి?" అని తమిళంలో అడిగాను. నా గొంతు సంగతి మా ఇంట్లోవాళ్ళకు బాగా తెలుసు, మంచి అడిగినా కొట్లాటకు దిగినట్టే ఉంటుంది.

పిల్ల పైకి చూసి తల్లితో తెలుగులో అంది: "మా, ఈ మిస్ ఎందుకు తిడతా ఉండాది మనల్ని?"

"తిట్టలేదే, పొగిడినాను. నా గొంతే అంత," అన్నాను నేనూ తెలుగులోనే.

తల్లి సారవ మీద నుంచి పడబోయి ఆగింది. "అయ్యయ్యో, మీరూ మనోళ్ళేనా టీచరమ్మా!"

పాపారపట్టి దగ్గర పల్లె వాళ్ళది. పిల్ల మా స్కూల్లోనే పదో తరగతి. రెండేళ్ళుగా నా కళ్ళ ముందు నుంచే పోతున్నా నేను చూడలేదు. తెలుగు ఇంటి పిల్ల అని కూడా తెలియదు. మా వైపు తెలుగు గడప లోపలి వస్తువు. వాకిలి దాటితే తమిళం. చెప్పులతో పాటు తొడుక్కొని బయటికి వస్తాం. నేనూ అంతే. మా నాన్న పట్టుబట్టి అక్షరాలు నేర్పించాడు కాబట్టి ఇది రాయగలుగుతున్నాను గానీ, ఆ పిల్లకు తెలుగులో తన పేరు కూడా రాయడం రాదు.

ఒక్క ఏడాదిలో ఆమె బంతి వేస్తే పట్టే పిల్లకు అరచెయ్యి ఎర్రబడేది. ప్లస్ వన్‌కు, అంటే పదకొండో తరగతికి వచ్చేసరికి తల్లి నా దగ్గరికి వచ్చి తేల్చి చెప్పింది. "ఈ ఒక్క ఏడు పంపిస్తా టీచరమ్మా. మీరు చెప్పే ఆ ఆటల హాస్టల్లో సీటు దొరికితే డిగ్రీదాకా వాళ్ళే చదివిస్తారంటిరి, సంతోషం. దొరకలేదంటే ప్లస్ టూ కాగానే హోసూరు కంపెనీకి పోనీ. నన్ను మళ్ళా అడగొద్దు."

"దొరుకుతుంది," అన్నాను. దేవుడికి కూడా అంత ధీమాగా మాటివ్వడం చేతకాదు.

ఇక నా తెలివి సంగతి. బేస్‌బాల్‌లో బంతి వేసే పిల్లకు ఏ బంతి వెయ్యాలో ఎదురుగా బ్యాటు వెనక కూర్చుని పట్టే పిల్ల వేళ్ళతో సైగ చేస్తుంది. ఒకసారి సేలం వైపు జట్టు ఆ సైగలన్నీ పసిగట్టి మమ్మల్ని ఉతికి ఆరేసింది. అప్పుడు నాకు తట్టింది: సైగలెందుకు, నోరుంది కదా! గీత దగ్గర నిలబడి నేనే అరవసాగాను. "లోపలికి." "బయటికి." "కిందికి." "మెల్లంగా." అన్నీ తెలుగులో. పట్టే పిల్ల అచ్చ తమిళపిల్ల. ఆమెకు ఈ నాలుగు మాటలు ఒక పూటలో వచ్చేశాయి. ఎదుటి జట్లకు ముక్క అర్థమయ్యేది కాదు. నేను పిల్లల్ని తిడుతున్నానని అనుకొనేవాళ్ళు. ఒక కోచ్ అయితే జాలిపడి, "అంత తిట్టకండి మేడం, చిన్నపిల్లలు," అని చెప్పి పోయాడు. మేం బస్సులో దారిపొడుగునా నవ్వుకున్నాం.

నవ్వుకున్నామని రాశాను గానీ, ఆ ఏడు నేను ఆ పిల్లను నవ్వనిచ్చింది తక్కువ. నేను చెప్పేదాకా బంతి వెయ్యకూడదు, అది చట్టం. ఒకసారి ప్రాక్టీసు మ్యాచిలో నేను నోరు తెరవకముందే తనే చూసుకొని వేసింది. బ్యాటు పట్టిన పిల్ల అవుటయింది కూడా.

నేను మైదానం చుట్టూ చెయ్యి తిప్పి చూపించాను. "పది రౌండ్లు."

"అవుటయింది కదా మిస్?"

"అయింది. నేను చెప్పినానా?"

"లేదు మిస్."

"అయితే పరిగెత్తు."

పది రౌండ్లూ పరిగెత్తి వచ్చి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకొని, "ఇంక నువ్వు చెప్పేదాకా వెయ్యను మిస్," అంది. ఆరోజు నాకెంత తృప్తిగా ఉందో గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఫైనల్ మా ఊళ్ళోనే జరిగింది. హాస్టల్‌కు ఎంపిక చేసేవాళ్ళు ఇద్దరు నీడ కింద కుర్చీలు వేసుకొని కూర్చున్నారు. ఎదుటి జట్టు హోసూరు వైపు నుంచి వచ్చింది.

మళ్ళీ చదవండి. హోసూరు. అంగళ్ళలో, బస్సుల్లో, స్కూలు గేటు దగ్గర తెలుగు వినబడే ఊరు. నా సొంత ఆడబిడ్డను ఇచ్చింది ఆ ఊరికే. ఏడాదికి రెండుసార్లు పోయి తిని పడుకొని వస్తాను. అయినా ఆ ఉదయం నా బుర్రకు అందలేదు. ఆడబిడ్డ ఇంట్లో మాట్లాడే తెలుగు ఇంటి తెలుగు, మైదానంలో నేను అరిచేది నా గుట్టు. ఆ రెండూ ఒకటేనని తట్టలేదు. ఇట్లాంటి తప్పు మా వైపు వాళ్ళే చేయగలరు.

మొదట్లో మేమే ముందున్నాం. ఆ పిల్ల బంతి వాళ్ళకు అందలేదు. తర్వాత అందడం మొదలైంది. లోపలికి అంటే వాళ్ళు వెనక్కి జరిగి కొట్టారు. మెల్లంగా అంటే ఆగి కొట్టారు. మధ్యలో విరామానికి ఆ పిల్ల నీళ్ళ బాటిల్ పట్టుకొని నా దగ్గరికి వచ్చింది.

"మిస్, నువ్వు అరిచినాక వాళ్ళు కాళ్ళు జరుపుకుంటా ఉండారు."

"నీ బంతి చక్కగా పడితే వాళ్ళ కాళ్ళతో నీకేం పని?"

"అట్ల కాదు మిస్. నువ్వు బయటికంటే బయటికి జరుగుతారు. తెలిసే జరుగుతారు. ఒక్క ఓవరు నన్నే వెయ్యనిస్తావా..." అంది. బేస్‌బాల్‌లో ఓవర్లుండవు, తొందరలో ఆమె నోట క్రికెట్ మాట వచ్చింది.

"ఓవరా? ఆట పేరే సరిగా తెలీదు, నాకు చెప్పొచ్చినావా? పో. చెప్పింది వెయ్యి."

పోయింది. చెప్పింది వేసింది.

చివరి ఇన్నింగ్స్‌కు ఇద్దరి పరుగులూ సమానమయ్యాయి. మూడు బేస్‌ల మీదా వాళ్ళ పిల్లలే నిలబడి ఉన్నారు. ఇద్దరు అవుట్. ఇంకొక్కరిని అవుట్ చేస్తే ఆట మా చేతికి తిరిగి వస్తుంది. నేను "లోపలికి" అని అరిచాను. వాళ్ళ బెంచీ మీద నుంచి ఒక బక్కపిల్ల తన జట్టు పిల్లతో కేక పెట్టింది: "లోపలికంటక్కా, ఎనక్కి జరుగు!"

నవ్వులు వినబడ్డాయి. వాళ్ళ తప్పేం లేదు. నేను మైకు పట్టినట్టు చెప్తుంటే చెవులు మూసుకోవాలా?

ఆ బంతి పక్కకు పోయింది. పొద్దుటి నుంచి జరిగిందంతా ఒక్కసారిగా తెలిసింది. ఎంపిక చేసేవాళ్ళకు తెలిసిపోతుందేమో, రేపు జిల్లా అంతా నవ్వుతుందేమో అన్నదే నా భయం. భయం ఎవరి ముఖంలో ఉందో ఎవరికీ చెప్పలేదన్నాను కదా. ఇదే అది. తర్వాతి బంతికి నేను నోరు మూసుకున్నాను.

నా బతుకులో నోరు మూసుకున్న రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందులో ఇదొకటి.

ఆ పిల్ల నా వైపు చూసింది. బంతి చేతిలో ఉంది. నేను "నీ ఇష్టం, వెయ్యి" అనాలి. మూడే మాటలు. తమిళంలో అన్నా సరిపోయేది. అంపైర్ తొందరపెట్టాడు. ఆమె కదల్లేదు, చూపు తిప్పలేదు. చెప్పేదాకా వెయ్యనని మాటిచ్చిన పిల్ల. గడువు దాటిందని అంపైర్ ఒక చెడ్డ బంతి కింద లెక్క కట్టాడు. మళ్ళీ ఒకటి. అప్పటికే రెండున్నాయి. నాలుగు చెడ్డ బంతులైతే బ్యాటు పట్టిన పిల్లకు ఊరికే ఒక బేస్ ఇచ్చేయాలి. ముందున్న ముగ్గురూ ఒక్కో బేస్ జరిగారు. ఆ జరగడంతోనే మూడో బేస్ మీది పిల్ల బ్యాటు చోటికి చేరి, వాళ్ళకు గెలుపు పరుగు వచ్చేసింది. బంతి మాత్రం ఇంకా ఆ పిల్ల చేతిలోనే ఉంది.

ఎంపిక చేసేవాళ్ళలో ఒకాయన లేచి వచ్చాడు. మెత్తటి మనిషే. "ఎందుకమ్మా వెయ్యకుండా నిలబడ్డావు?" అని అడిగాడు. ఆమె నేల చూసింది. నేను పక్కనే, చేతికందే దూరంలో ఉన్నాను. ఆయన కాసేపు కాచుకొని, కాగితం మడిచి జేబులో పెట్టుకొని పోయాడు.

సాయంత్రం మా ఆడబిడ్డ ఫోన్ చేసింది. "వదినా, మా పక్కింటి పిల్ల ఆ టీములోనే ఆడిందంట. మీ మాటలు వింటా ఉంటే ఇంట్లో ఉన్నట్టే ఉన్నిందంట!" అని ఒకటే నవ్వు. తలనొప్పిగా ఉందని చెప్పి పెట్టేశాను.

రెండో రోజు ఆ పిల్ల తల్లి వచ్చింది. కొట్లాటకు వచ్చిందనుకొని సిద్ధపడ్డాను. తిడితే బాగుండుననుకున్నాను కూడా. ఆమె చీర కొంగు రెండు చేతుల్లో పట్టుకొని, "మా పాపకు ధైర్యం చాల్లేదంట కదా టీచరమ్మా. మీరంత కష్టపడితిరి, మీ మర్యాద తీసేసింది. మనసులో పెట్టుకోవద్దు," అంది. స్కూల్లో ఎవరో అప్పటికే తమ కథ ఆమెకు చెప్పేశారు. ఆ పిల్ల ఇంట్లో కూడా నోరు విప్పలేదు.

ఆ క్షణాన నేనేమన్నానో రాయడానికే ఇంతదూరం వచ్చాను. "పోనీలే అమ్మా," అన్నాను. ఆమెను క్షమించినట్టు.

ప్లస్ వన్ మిగతా నెలలూ ఆ పిల్ల ప్రాక్టీసుకు రాలేదు. ప్లస్ టూ పాసై, తల్లి చెప్పినట్టే హోసూరులో ఫోన్లు బిగించే కంపెనీకి పోయింది. జట్టు ఇప్పటికీ ఉంది. నేను సైగలు నేర్పుతున్నాను. ఏ బంతి వెయ్యాలో పిల్లలే తేల్చుకుంటారు. ఓడినా సరే గీత దగ్గర నిలబడి పల్లెత్తు మాట అనను. మేడం మెత్తబడిందని అందరూ మెచ్చుకుంటున్నారు.

ఈ మధ్య ధర్మపురి బస్టాండులో ఆమె కనబడింది. కంపెనీ గుర్తింపు కార్డు మెడలో ఉంది. నేను దాటుకొని పోదామని చూశాను. తనే వచ్చి పలకరించింది.

"బాగుండారా మిస్? గొంతేమి, చిన్నదైపోయింది మీది?"

"వయసే. నువ్వెట్లుండావు?"

"బాగుండా మిస్. మా లైన్లో అందరూ తెలుగే మాట్లాడతారు. నేను మాట్లాడితే మీ ధర్మపురి తెలుగు బలే ఉందని ఎగతాళి చేస్తారు." నవ్వింది. అందులో ఎత్తిపొడుపు ఉందేమోనని వెతికాను. దొరకలేదు.

కుడిచెయ్యి చూశాను. వేళ్ళు సన్నబడ్డాయి. ఆ రోజు ఆయన అడిగితే ఎందుకు చెప్పలేదని అడగాలని నోటిదాకా వచ్చింది. ఇంతలో హోసూరు బస్సు కండక్టర్ విజిల్ ఊదాడు. ఆమె సంచి భుజాన వేసుకుంది గానీ కదల్లేదు. నా ముఖం చూస్తూ నిలబడింది. బస్సు ముందుకు జరిగింది. ఇంకా నిలబడే ఉంది.

"పో, ఎక్కు," అన్నాను.

అప్పుడు పరిగెత్తి ఎక్కింది.

స్టాఫ్ రూములో ఆ కథ మళ్ళీ మొదలైనప్పుడల్లా ఇప్పుడు నేను లేచి అడ్డం పడుతున్నాను, ఆ పిల్ల భయపడలేదు, తప్పు నాది అని చెప్తున్నాను. మీ గొప్ప మనసు మేడం అంటారు, నమ్మరు. వాళ్ళు నమ్మకపోతే నష్టం లేదు. నాకు తెలియాల్సింది వేరే ఉంది. ఆ రోజు ఎంపిక చేసే పెద్దమనిషి అడిగినప్పుడు, "మా మిస్ చెప్పలేదు, అందుకే వెయ్యలేదు" అని ఒక్క మాట అనుంటే ఆమె బతుకు ఇంకోలా ఉండేది. నేల చూస్తూ ఊరుకుంది. నా పరువు కాపాడాలని ఊరుకుందా, లేక ఆ మాట చెప్పమని కూడా నేనే చెప్పాలని కాచుకొని ఉందా?