ప్రింటర్ పోర్టు లేని బోర్డు

కోదాడలో మా చెల్లెలికి సొంత జాగా అంటూ ఉన్నది ఇంటి ముందు గది ఒక్కటే. అది కూడా షరతు మీద. ఇల్లు ఉమ్మడిది. ఆమె బావగారికి, అంటే భర్త అన్నకు, బజార్లో పురుగుమందుల దుకాణం ఉండేది. సరుకు పెట్టుకోవడానికి ఆయనకు ఆ గది మీద ఎప్పటి నుంచో కన్ను. కంప్యూటర్ నడిచినన్నాళ్లు గది చెల్లెలిది, ఆగిననాడు ఆయనది అని ఇంట్లో మాట అనుకున్నారు. మా బావ, అంటే చెల్లెలి భర్త, మిల్లులో గుమస్తా. అన్నకు ఎదురు చెప్పే మనిషి కాదు.

ఆ గదిలో కూర్చుని చెల్లెలు తెలుగు టైపింగ్ చేసేది. పెళ్లి కార్డులు, కరపత్రాలు, దశదినకర్మ పత్రికలు, మిల్లుల బిల్లు పుస్తకాలు. 2003లో విడి భాగాలు తెచ్చి ఆ కంప్యూటర్‌ను నేనూ ఆమే నేల మీద కూర్చుని బిగించాం. తెలుగు అక్షరాల సాఫ్ట్‌వేర్ మాత్రం ఆమె మిర్యాలగూడ వెళ్లి తెచ్చుకుంది. నేను సూర్యాపేటలో పత్రికా విలేకరిని, ఆ రోజు ఏదో వార్త పని పడి తోడు వెళ్లలేదు.

ఏడేళ్లు నడిచింది. ఒక మాఘమాసంలో, ముహూర్తాల మధ్య, మదర్‌బోర్డు పోయింది. చేతిలో నలుగురి పెళ్లి కార్డులున్నాయి. లోపలి భాగాలన్నీ విప్పి, అట్టపెట్టెలో సర్ది, సూర్యాపేట బస్సులో నాకు పంపింది. ఫోన్ చేసి, "అన్నా, పాతదాని లెక్కనే సూసి తీస్కరా. కొత్తది వద్దు" అన్నది.

ఎందుకు వద్దో నేను అడగలేదు. కొత్త వస్తువంటే భయపడుతున్నదనుకున్నాను. ఎస్సై చెప్పినా ఎమ్మార్వో చెప్పినా ఎందుకు, ఎట్లా అని తిరగేసి అడగడమే ఇరవై ఏళ్లుగా నా పని. చెల్లెలి మాట దగ్గర మాత్రం ఆ అలవాటు గుర్తుకు రాలేదు.

సూర్యాపేటలో దుకాణాయన బల్ల మీద రెండు బోర్డులు పెట్టాడు. ఒకటి ఆగిపోయిన మోడల్, అతని దగ్గర మిగిలిన ఆఖరుది. మా పాత ప్రాసెసర్, మెమరీ దానికి సరిపోతాయి. దాని వెనక అంచున గులాబీ రంగు పొడుగాటి పోర్టు ఉంది. రెండోది కొత్తది. దానికి ప్రాసెసర్, మెమరీ కూడా కొత్తవి కావాలి. అతను నన్ను మోసం చేయలేదు. అడగాల్సింది అడిగాడు.

"సార్, ప్రింటర్ ఏది? పాత పెద్ద వైరుదా, యూఎస్‌బీదా?"

"యూఎస్‌బీదే."

"గట్లయితే ఈ గులాబీ పోర్టుతోని మీకేం పనుంటది? ప్రింటర్ కోసమే గదా అది. కొత్తది తీస్కోండ్రి, పదేండ్ల దాంక సూడక్కర్లే."

ఆ మాట నాకు నచ్చింది. పాత ప్రాసెసర్, మెమరీ కూడా అతనికే మార్పిడి కింద ఇచ్చేసి, తెలివైన బేరం చేశాననుకుంటూ కోదాడ బస్సెక్కాను.

బోర్డు బిగించాను. తెర వెలిగింది. చెల్లెలు డ్రాయర్‌లోంచి బొటనవేలంత ప్లాస్టిక్ ముక్క ఒకటి తీసి, కంప్యూటర్ వెనక్కి వంగి చాలాసేపు తడిమింది.

"అన్నా, దీనికి పొడుగు పోర్టు లేదా?"

అది ఆ సాఫ్ట్‌వేర్ తాళం. ప్రింటర్ పోర్టులో అది ఉంటేనే తెలుగు అక్షరాలు తెరుచుకుంటాయి. ఏడేళ్లు గోడవైపు తిరిగి ఉన్న ఆ ముక్కను నేను ఒక్కసారి కూడా చూడలేదు.

మర్నాడు సూర్యాపేటకు పరిగెత్తాను. పాత మోడల్ బోర్డును అంతకుముందు సాయంత్రమే మా ప్రాసెసర్‌తో కలిపి ఎవరికో అమ్మేశాడు. యూఎస్‌బీకి తగిలించే మార్పిడి వైరు ఇచ్చాడు. దానితో తాళం పెట్టి చూస్తే, తాళం లేదనే తెర మీద వచ్చింది. మిర్యాలగూడ వెళ్లాను. సాఫ్ట్‌వేర్ అమ్మిన దుకాణంలో సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. ఆయన హైదరాబాద్ పోయాడన్నారు, నంబర్ ఎవరి దగ్గరా లేదు. వేరే సాఫ్ట్‌వేర్ కొందామన్నాను. ఆమె ఏడేళ్ల పనిలోంచి ఒక ఫైలు తీసి, ఆ సాఫ్ట్‌వేర్ లేకుండా తెరిచి చూపించింది. పెళ్లికూతురి పేరు ఉండాల్సిన చోట గీతలు, ఇంగ్లిష్ ముక్కలు. వేరే దేంట్లో తెరిచినా పాత పనంతా ఇంతే.

ముహూర్తాలు ఆగవు. ముగ్గురు వచ్చి తమ కాగితాలు తీసుకుని ప్రెస్సుకు పోయారు. నాలుగో ఆయన మర్యాదస్తుడు, రెండు రోజులు చూసి పోయాడు.

ఆ వారమే బావగారు గుమ్మం దగ్గరకు వచ్చి నిలబడ్డారు. గొంతు పెంచలేదు.

"ఏమ్మా, మిషన్ ఆగిందంటగా? సరుకు దిగే టైమయింది. గది కాస్త ఖాళీ చేస్తావా?"

నేను అక్కడే ఉన్నాను. నా వైపు చూసి నవ్వారు. "పేపరాయన తెచ్చిన బోర్డు కదా, పేపర్లో బాగానే నడుస్తుందిలే."

పత్రికలో ఎంతోమంది చేసిన తప్పులు రాశాను, మర్నాటికల్లా వాళ్లు జవాబు చెప్పాలని కోరాను. ఇప్పుడు మాత్రం ఆయనను దాటుకుని లోపలికి, మా బావ దగ్గరికి పోయాను. అన్నకు తొందరపడొద్దని చెప్పమని అడిగాను. ఆయన చెప్పులేసుకుని మిల్లుకు పోయాడు. చెల్లెలు మాత్రం నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే ఇన్నేళ్లు నాకు ఇట్లా బరువుగా ఉండేది కాదు.

తన కార్డులు వెళ్లిపోయిన ప్రెస్సులోనే ఆపరేటర్‌గా చేరింది. పొద్దున టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్లడం, ఎవరో చెప్పిన రంగు, ఎవరో చెప్పిన సైజు, ఎవరో చెప్పినప్పుడు ఇంటికి రావడం. ఆ తర్వాత ఏ వస్తువు కొన్నా నన్ను అడగడం మానేసింది.

రెండేళ్లకు హైదరాబాద్‌లో పాత సామాన్లు అమ్మే చోట ఆ మోడల్ బోర్డు దొరికింది, ప్రాసెసర్‌తో సహా. పాత గుడ్డలో చుట్టుకుని కోదాడ తీసుకుపోయాను. ఆమె వంటింట్లోంచి వచ్చి, దాన్ని అటూ ఇటూ తిప్పి, గులాబీ పోర్టు మీద దుమ్ము కొంగుతో తుడిచింది.

"మంచిగనే ఉందన్నా. మరి ఎక్కడ పెట్టమంటవ్?"

ముందు గదిలో పురుగుమందుల అట్టపెట్టెలు పైకప్పు దాకా ఉన్నాయి. బోర్డును మళ్లీ గుడ్డలో చుట్టి తనే నా సంచిలో పెట్టింది. టీ ఇచ్చింది. తాగి సూర్యాపేట బస్సెక్కాను.