కొంగు కింద భుజం

ఎడమ చెయ్యి లేకపోతే ఇసుక బాండ్లి నెత్తికెక్కదు. మోసేటప్పుడు ఒక చేత్తో అంచు పట్టుకుంటే చాలు, ఎత్తేటప్పుడు మాత్రం రెండూ కావాలి. యలహంకలో కొత్తగా కడుతున్న ఇంటి మెట్ల మీద జారి, ఆ చేతి మీదే పడ్డాను. లేచి చూసుకుంటే చెయ్యి ఒంటికి ఆనడం లేదు, ఎవరో పక్కకి తోసి పట్టుకున్నట్టు ఉంది. నొప్పి కంటే ముందు బాండ్లి గుర్తొచ్చింది. ఇంక నన్ను పనికి ఎవరు పిలుస్తారు?

తోటి కూలీ ఒకామె, మా ఊరివైపు మనిషే, నూనె గిన్నె తెచ్చింది.

"పట్టేసిందిలే అక్కా. రుద్ది ఒక్క గుంజు గుంజితే సరిపోతాది."

"గుంజొద్దు తల్లీ, ప్రాణం పోతాది."

"పోతే నీ బాండ్లి కూడా నేనే మోస్తాలే!"

ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఇంతలో నా కూతురు వచ్చి ఆటో ఎక్కించింది.

ఆసుపత్రిలో కుర్ర డాక్టరు కొంగు తియ్యమన్నాడు. నేను తియ్యలేదు. మా ఆయన పోయినప్పటినుంచి రెండు భుజాలూ కప్పి కొంగు చుట్టుకుంటాను. మా ఇళ్లలో అంతే, సొంత అన్న ఎదుట కూడా తియ్యం. డాక్టరు గుడ్డ మీదనుంచే తడిమి, "ఇట్లయితే ఏం తెలుస్తుందమ్మా?" అని విసుక్కున్నాడు.

"నీకు చెయ్యి కావాల్నా, కొంగు కావాల్నా?" అని కూతురు గద్దించింది.

నేను కుడి చేత్తో కొంగు ఇంకా గట్టిగా పట్టుకున్నాను. చివరికి ఆయనే పోయి పెద్ద డాక్టరమ్మను పిలుచుకొచ్చాడు.

ఆమె తెర లాగి, కొంగు తీసి, రెండు భుజాలనూ పక్కపక్కన చూసింది. గొంతు దగ్గరి గుంట నుంచి మెడ కింది ఎముక వెంబడే వేలు నడిపించుకుంటూ భుజం కొసదాకా పోయింది. కుడివైపు కొస దాటగానే వేలు గుండ్రంగా జారింది. ఎడమవైపు కొస మొనదేలి ఉంది, దాని కింద వేలు లోపలికి దిగబడింది.

"రెట్ట ఎముక తల ఈడుండాల. జారి ముందుకు పోయుండాది. ఏదమ్మా, ఈ చెయ్యి కుడి భుజం మీద పెట్టు."

పెట్టలేకపోయాను. కొంగు సర్దుకునేటప్పుడు రోజూ పోయే దారే అది. చెయ్యి సగంలోనే ఆగిపోయింది.

ఎక్స్‌రే తీశారు, సూది వేశారు, పడుకోబెట్టి మెల్లగా లాగారు. లోపల టక్కుమంది.

"మళ్లీ బాండ్లి ఎత్తొచ్చా డాక్టరమ్మా?"

"ముందు దాన్ని నిలవనీమ్మా. తొందరపడితే మళ్లా జారుతాది."

ఎత్తొచ్చు అనలేదు, ఎత్తొద్దు అనలేదు.

ఇప్పుడు చెయ్యి మెడకు కట్టిన జోలెలో ఉంది. పొద్దున్నే కూతురే కొంగు కప్పుతుంది. కప్పేముందు కాస్త ఆగమంటాను. కుడి చేతి వేలు గొంతు గుంట దగ్గర పెట్టి, ఎముక వెంబడే నడిపించి, కొస దాటిస్తాను. గుండ్రంగా తగిలేదాకా ఊపిరి ఆడదు.

"రాత్రి ఉన్న ఎముక తెల్లారేకి యాడికి పోతాది మా?" అంటుంది కూతురు.

ఒకసారి పోయింది కదా. ఇంకోసారి తడిమి చూసుకుని, అప్పుడు కప్పమంటాను.